మౌనం అంగీకారం కాదు

2023 అక్టోబరు 29, ఆదివారం. సాయంత్రం ఏడు గంటల వేళ విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల నడుమ, విశాఖపట్నం నుండి పలాసకు పోయే పాసింజరు బండిని, దాని వెనుకనే అదే మార్గంలో వచ్చిన విశాఖపట్నం–రాయగడ పాసింజరు ఢీకొన్నది. 14 మంది ప్రాణాలు కోల్పోయారు. ఎందరో గాయపడ్డారు. మృతులలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు చెందిన సామాన్య కుటుంబాలవారు ఉన్నారు.

పలాస బండి మా చీపురుపల్లి వారికి పరాయిది కాదు. విజయనగరం విడిచిన తరువాత నెల్లిమర్ల, గరివిడి దాటి చీపురుపల్లి చేరి, ఆపై సిగడాం, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు మీదుగా సాగే దారి అది. చదువుకునే పిల్లలు, కూలిపనులకు పోయేవారు, పెద్దాసుపత్రికి రోగిని తీసుకుపోయేవారు, పండుగకు పుట్టింటికి వచ్చే ఆడపడుచులు ఎక్కే బండి అది. అందుచేత మరునాడు సోమవారం మా కళాశాలలో పాఠం సాగలేదు. పద్యం చెప్పడానికి పుస్తకం తెరిచాను గాని, తరగతి మనసంతా పట్టాల మీదనే ఉన్నది. వెనుక వరుసలోని విద్యార్థి ఒకడు లేచి, “ముందర బండి ఉన్నట్టు వెనక బండికి ఎవరూ చెప్పలేదా, మాస్టారూ?” అని అడిగాడు.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి. యంత్రవిద్య నా శాస్త్రం కాదు. ఆ ప్రశ్నకు ఆనాడు బదులు చెప్పలేకపోయాను. తరువాత చదివి, తెలిసినవారిని అడిగి నేను గ్రహించిన విషయం ఒకటి ఉన్నది. ఒక బండి మరొక బండికి, ఒక యంత్రం మరొక యంత్రానికి మాట చేరవేయడం నేడు ఒక మహాశాస్త్రంగా ఎదిగింది. పారిశ్రామిక సమాచార జాలం అని దానిని మనం పిలుచుకోవచ్చు. ఆ శాస్త్రంలోని మూలసూత్రం మన లోకోక్తికి సరిగ్గా ఎదురు నిలుస్తుంది. “మౌనం అర్ధాంగీకారం” అని మన పెద్దలు అన్నారు. పెళ్లిమాటలలో అది చెల్లవచ్చు. యంత్రాల మాటలలో మాత్రం మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటే ప్రాణాలు పోతాయి. అక్కడ మౌనం అంటే అపాయమని అర్థం. ఈ సూత్రాన్ని యంత్రాలకు నేర్పిన మనం, మన వ్యవస్థలకు ఇంకా పూర్తిగా నేర్పలేదన్నది నా అభిప్రాయం.

మొదట ఈ జాలం చేసే పనిని తెలుసుకుందాం. పొయ్యిమీద పాలు కాచే తల్లిని తలచుకోండి. ఆమె కన్ను పాలను చూస్తుంది. మనసు, ఇక పొంగుతాయని నిర్ణయిస్తుంది. చేయి మంట తగ్గిస్తుంది. చూడడం, నిర్ణయించడం, చేయడం అనే మూడు పనులూ ఒకే మనిషిలో, ఒక్క క్షణంలో జరిగిపోతాయి. కర్మాగారంలో ఈ మూడూ వేరువేరు చోట్ల ఉంటాయి. ఉష్ణోగ్రతను, పీడనాన్ని, ద్రవమట్టాన్ని కనిపెట్టే సెన్సరు కన్నులాంటిది. అది ఒక చోట ఉంటుంది. వచ్చిన కొలతను చూసి నిర్ణయం చేసే కంట్రోలరు మరొక గదిలో ఉంటుంది. వాల్వును మూసే, మోటారును ఆపే పరికరం ఇంకెక్కడో ఉంటుంది. కంటికీ, మనసుకూ, చేతికీ నడుమ మాటలు మోసే నాడీమండలమే ఈ సమాచార జాలం.

మనకు దగ్గర ఉదాహరణ కావాలంటే గరివిడి వైపు చూడవచ్చు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైనది ఈ విజయనగరం ప్రాంతంలోనే. ఆ ఖనిజం ఆధారంగానే గరివిడిలో ఫెర్రో మిశ్రలోహాల పరిశ్రమ వెలసింది. అటువంటి పరిశ్రమలోని విద్యుత్ కొలిమిలో మూడు పెద్ద కార్బన్ ఎలక్ట్రోడ్లు ముడిసరుకులోకి దిగి ఉంటాయి. వాటిలో ప్రవహించే విద్యుత్తు మితిమీరితే ఎలక్ట్రోడును కొద్దిగా పైకి ఎత్తాలి. తగ్గితే కిందికి దించాలి. కొలిమి లోపల సరుకు కరిగి కదులుతున్న కొద్దీ ఈ సర్దుబాటు ఎడతెగక జరుగుతూనే ఉండాలి. కొలత చూసిన పరికరం నుండి ఎలక్ట్రోడును ఎత్తే యంత్రానికి మాట ఆలస్యంగా చేరితే, ఆ మాట చెప్పేది అప్పటికే గడిచిపోయిన స్థితిని. దాని ప్రకారం చేసిన పని మేలుకు బదులు కీడు చేస్తుంది.

ఇందువల్ల ఈ జాలానికి ఉండవలసిన మొదటి గుణం సకాలత. మామూలు మాటలో ఆలస్యమైనా సారం పోదు. ఊరినుండి తల్లి రాసిన ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా ఆప్యాయత తగ్గదు. కాని పరీక్ష రాయవలసిన విద్యార్థికి హాల్ టికెట్ పరీక్ష మరునాడు అందితే? అందులో ఒక్క అక్షరం తప్పు లేకపోవచ్చు. అయినా దాని విలువ చిత్తుకాగితంతో సమానం. గడువు దాటిన సరైన సమాధానం కూడా తప్పు సమాధానమే అనే నియమం ఉన్నచోట నడిచేదే తక్షణ నియంత్రణ. ఒక ట్యాంకులోని ఉష్ణోగ్రతకు సంబంధించిన మాట క్షణం ఆలస్యమైనా ఫరవాలేకపోవచ్చు. వేగంగా తిరిగే యంత్రాల చేతులను ఒకదానితో ఒకటి పొందిక తప్పకుండా నడిపేటప్పుడు, క్షణంలో వెయ్యోవంతు లోపునే మాట చేరాలి. అక్కడ ముఖ్యమైనది వేగం ఒక్కటే కాదు. ప్రతిసారీ గడువులోపల చేరుతుందన్న నిశ్చయం అంతకంటె ముఖ్యం. ఒకనాడు పరుగున వచ్చి మరొకనాడు రాకుండా పోయే దూతకంటె, నడిచి వచ్చినా చెప్పిన వేళకు తప్పక వచ్చే దూత మేలు.

ఈ నిశ్చయం కోసం ఇంజనీర్లు పడిన శ్రమ గొప్పది. పూర్వం ప్రతి పరికరానికీ ఒక జత తీగలు వేరుగా ఉండేవి. వందల పరికరాలుంటే వందల జతల తీగలు గోడలనిండా పాకేవి. 1968–69 ప్రాంతంలో అమెరికాలో రిచర్డ్ మోర్లీ బృందం, నిర్ణయాలను ప్రోగ్రాముగా రాసి నడపగల కంట్రోలరును రూపొందించింది. అటువంటి కంట్రోలర్లు మాట్లాడుకోవడానికి 1979లో మోడ్‌బస్ అనే పద్ధతి వచ్చింది. 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ, మోటారు వాహనాలలోని భాగాల కోసం కాన్ బస్ అనే మరొక పద్ధతిని ప్రకటించింది. వందల తీగల స్థానంలో ఒకే తీగ, దానిమీద వంతులవారీగా అందరి మాటలు అన్నది ఈ పద్ధతుల సారాంశం.

వంతు ఎలా నిర్ణయించాలన్నదే ఇక్కడి చిక్కు. మోడ్‌బస్ పద్ధతి మన తరగతి హాజరును పోలి ఉంటుంది. అధ్యాపకుడు ఒక్కొక్క సంఖ్యను పిలుస్తాడు, పిలిచినవాడే పలుకుతాడు, మిగిలినవారు ఊరకుంటారు. కాన్ పద్ధతిలో ప్రతి సందేశానికీ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది. రెండు సందేశాలు ఒకేసారి బయలుదేరితే తక్కువ ప్రాధాన్యం గలది తనంత తాను వెనుకకు తగ్గి, ముఖ్యమైన దానికి దారి ఇస్తుంది. కార్యాలయాలలోని కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ 1973 నాటి ఆలోచన. తొలినాటి ఈథర్‌నెట్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడిపోయేది. ఇద్దరూ తోచినంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించేవారు. ఆఫీసు కాగితాలకు అది చాలును గాని, కొలిమికి చాలదు. ఎంతసేపు ఆగవలసి వస్తుందో ముందు చెప్పలేకపోవడమే దాని లోపం.

ఆ లోపాన్ని దాటడానికి వచ్చిన పద్ధతులలో 2003లో జర్మనీలోని బెకాఫ్ సంస్థ వెలువరించిన ఈథర్‌క్యాట్ ఒకటి. రైలుమార్గం పక్కన నివసించే మనకు అది తేలికగా అర్థమవుతుంది. ఒక గూడ్సుబండి ఎక్కడా ఆగకుండా స్టేషన్లన్నీ దాటిపోతున్నదనుకోండి. ప్రతి స్టేషనూ ఆ బండి కదులుతుండగానే తనకు చెందిన పెట్టెలోని సరుకును దించుకొని, తాను పంపవలసిన సరుకును అదే పెట్టెలో వేస్తుంది. బండి చివరి స్టేషనుదాకా పోయి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. ఈ పద్ధతిలో ఒకే సందేశం అన్ని పరికరాలనూ పలకరించి నియమిత కాలంలో తిరిగివస్తుంది. రాకపోతే దారిలో ఎక్కడో ఏదో చెడిందని వెంటనే తెలుస్తుంది.

సందేశానికి ఉండవలసిన రెండవ గుణం సమగ్రత. ఇది మన వాఙ్మయానికి కొత్త కాదు. భారత యుద్ధంలో ద్రోణాచార్యుని నేలకూల్చినది అస్త్రం కంటె ముందుగా ఒక అసంపూర్ణ వార్త. ధర్మరాజు చెప్పిన మాటలో మొదటి భాగం ఆయన చెవిన పడింది; చచ్చినది ఏనుగన్న చివరి భాగం అందలేదు. సగం విన్న సత్యం అసత్యం చేసే పని చేసింది. యంత్రాల మాటలలో ఈ ప్రమాదం తప్పించడానికి, ప్రతి సందేశం చివరా ఆ సందేశంలోని అంకెలన్నిటినీ లెక్కించి రాబట్టిన ఒక సరిచూపు సంఖ్యను జతచేస్తారు. అందుకున్న యంత్రం మళ్లీ లెక్కకట్టి చూస్తుంది. సంఖ్య కుదరకపోతే ఆ మాటను స్వీకరించదు. ద్రోణుని చెవికి అటువంటి సరిచూపు ఉన్నట్లయితే ఆయన అస్త్రసన్న్యాసం చేసి ఉండేవాడు కాడు.

మూడవ గుణం ప్రామాణికత. వచ్చిన మాట నిజంగా పంపవలసినవాడు పంపినదేనా? రామాయణంలో మారీచుడు రాముని గొంతుతో కేక వేశాడు. ఆ దొంగ సందేశమే సీతను అపాయం పాలు చేసింది. తరువాత అశోకవనంలో హనుమంతుడు ఎదుట నిలిచినప్పుడు ఆమె ఊరక నమ్మలేదు. రావణుని మాయేమోనని శంకించింది. రాముని ఉంగరం చూసిన తరువాతనే ఆమె మనసు కుదుటపడింది. ఆమె తిరిగి ఇచ్చిన చూడామణి, సందేశం చేరినదనడానికి రామునికి రుజువయింది. నేటి యంత్రాలకూ ఈ ఉంగరం, ఈ చూడామణి అవసరమే. స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ 2010లో బయటపడింది. అది ఇరాన్‌లోని నటాంజ్ అణుకేంద్రంలో యంత్రాల వేగాన్ని మార్చివేస్తూ, నియంత్రణ గదిలోని వారికి మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్లే చూపింది. మారీచుని గొంతు యంత్రానికీ వస్తుందని లోకానికి అప్పుడు తెలిసింది. కర్మాగారాల జాలాలను బయటి జాలాలనుండి వేరుచేసి కాపాడుకోవలసిన అవసరం అందరికీ అర్థమయింది.

ఇక నాలుగవ గుణమే ఈ వ్యాసానికి ప్రాణం. మాట రానప్పుడు ఏమి చేయాలి? హాజరు పిలిచే అధ్యాపకుడు, పలకని విద్యార్థిని వచ్చినట్లు లెక్కవేయడు. యంత్రశాస్త్రం ఈ వివేకాన్ని ఎన్నడో అలవరచుకున్నది. పాత జత తీగల పద్ధతినే చూడండి. ఒక ట్యాంకులో ద్రవం ఎంత ఉన్నదో చెప్పడానికి సెన్సరు 4 నుండి 20 మిల్లీయాంపియర్ల విద్యుత్తును పంపుతుంది. 20 అంటే నిండు. ఖాళీ అంటే సున్నా కాదు, 4. సున్నానుండి ఎందుకు మొదలుపెట్టలేదు? సున్నా పెట్టి ఉంటే ట్యాంకు ఖాళీ అయినదో, తీగ తెగిపోయినదో తెలిసేది కాదు. ఖాళీ అని చెప్పడానికి కూడా సెన్సరు నోరు విప్పవలసిందే. అది పూర్తిగా మౌనం వహించినదంటే లోపం ఏర్పడినదని వెంటనే గ్రహించవచ్చు. ఆ మిల్లీయాంపియర్లు నాలుగింటిలో ఎంత ముందుచూపు ఉన్నదో గమనించండి.

రైలు పట్టాలలో ఇదే వివేకం ఇంకా పాతది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ రూపొందించిన ట్రాక్ సర్క్యూట్‌లో, రెండు పట్టాలగుండా కొద్దిపాటి విద్యుత్తు ప్రవహిస్తూ చివర ఉన్న రిలేను పట్టి ఉంచుతుంది. అది పట్టి ఉన్నంతవరకే సిగ్నల్ పచ్చగా వెలుగుతుంది. బండి వస్తే దాని చక్రాలు, ఇరుసు ఆ విద్యుత్తును మధ్యలోనే దారి మళ్లిస్తాయి. రిలే విడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ ఆగినా, తీగ తెగినా ఫలితం అదే, ఎరుపే. దారి ఖాళీగా ఉన్నదన్న సాక్ష్యం ఎడతెగకుండా వస్తూ ఉంటేనే బండి ముందుకు పోవాలి. సాక్ష్యం ఆగితే బండి ఆగాలి. “అపాయం ఉందని ఎవరూ చెప్పలేదు” అన్నది అక్కడ చెల్లని మాట. అపాయం లేదని ఎవరైనా చెప్పారా అన్నదే అక్కడి ప్రశ్న.

ఇప్పుడు మా విద్యార్థి అడిగిన మాటకు తిరిగి వద్దాం. వెనుక బండికి ఎవరూ చెప్పలేదా? ప్రమాదంపై ప్రాథమిక విచారణ జరిపిన రైల్వే అధికారులు, రాయగడ బండి లోపం ఏర్పడిన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను నియమం పాటించకుండా దాటిపోయినదని పేర్కొన్నారు. అటువంటి సిగ్నల్ ఎదురైనప్పుడు రెండు నిమిషాలు ఆగి, ఆపైన గంటకు 10 కిలోమీటర్లకు మించని వేగంతో సాగాలన్నది ఆ నియమం. ఆ బండిని నడిపినవారు కూడా ఆ ప్రమాదంలోనే మరణించారు. కనుక వారి పక్షాన చెప్పవలసిన మాట వినే అవకాశం లోకానికి లేకపోయింది. తప్పు ఎవరిదన్న తీర్పు చెప్పడానికి నేను తగినవాణ్ణి కాను. నేను అడిగే ప్రశ్న వేరు. పట్టాలు, రిలేలు, సిగ్నళ్లు అన్నీ మౌనాన్ని అపాయంగా గ్రహించేటట్లు నిర్మించిన మనం, ఆ గొలుసులోని చివరి కొలికిని చీకటిలో ఒక మనిషి కన్నుకు, ఒక మనిషి జ్ఞాపకానికి మాత్రమే అప్పగించి ఎందుకు ఊరకున్నాం? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క క్షణంలో సుమారు 17 మీటర్లు దాటిపోతుంది. మనిషి ఎంత శ్రద్ధగలవాడైనా ఏదో ఒక క్షణాన తడబడతాడు. ఆ ఒక్క క్షణానికి తోడు నిలిచే యంత్రం కావాలి.

ఆ యంత్రం మనకు లేకపోలేదు. కవచ్ అనే రక్షణవ్యవస్థ మన దేశంలోనే రూపొందింది. పట్టాల నడుమ స్లీపర్లపై అమర్చిన గుర్తుబిళ్లలు బండి ఎక్కడున్నదో ఇంజనుకు తెలుపుతాయి. స్టేషనులోని పరికరం ముందున్న సిగ్నల్ స్థితిని రేడియో ద్వారా ఇంజనుకు చేరవేస్తుంది. డ్రైవరు ఎర్ర సిగ్నల్‌ను గమనించకపోయినా, వేగం తగ్గించకపోయినా, యంత్రమే బ్రేకులు వేస్తుంది. 2016 ఫిబ్రవరిలో పాసింజరు బండ్లపై దీని క్షేత్రపరీక్షలు మొదలైనవి మన తెలుగునేలను ఏలే దక్షిణ మధ్య రైల్వేలోనే. దీనిని తయారుచేయడానికి మొదట ఆమోదం పొందిన మూడు సంస్థలు మేధా సర్వో డ్రైవ్స్, హెచ్.బి.ఎల్. పవర్ సిస్టమ్స్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్. మూడూ హైదరాబాదువే. 2020 జూలైలో దీనిని జాతీయ రక్షణవ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో రెండు ఇంజన్లను ఒకే పట్టాపై ఎదురెదురుగా నడిపి చూశారు. 380 మీటర్ల దూరం ఉండగానే ఇంజను తనంత తానే ఆగింది.

2023 నాటికి ఈ కవచం దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మార్గాన్ని కాపాడుతున్నది. కంటకాపల్లి దగ్గర ఆ రోజు అది లేదు. తెలుగునేలపై పుట్టి, తెలుగునేలపై పరీక్షకు నిలిచిన కవచం, తెలుగునేలపైనే అవసరమైన సాయంత్రాన అందలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నా మనసు బరువెక్కుతుంది.

దీనికి ఖర్చు ఎక్కువ కదా అని కొందరు అంటారు. నిజమే. పట్టాల వెంబడి ఏర్పాట్లకు కిలోమీటరుకు సుమారు 50 లక్షల రూపాయలు కావాలని రైల్వేశాఖ తెలిపింది. వేల కిలోమీటర్ల మార్గానికి అది పెద్ద మొత్తమే. ఒక్కనాడు అయ్యే పని కాదు. అందుచేత ఏ మార్గం ముందు, ఏ మార్గం వెనుక అన్న ఎంపిక తప్పదు. ఆ ఎంపికలో వేగంగా పోయే ఖరీదైన బండ్ల దారులే ముందు నిలవడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఒకదాని వెనుక ఒకటిగా బండ్లు నడిచే రద్దీ మార్గాలు, నిలుచునే చోటు లేని జనరల్ పెట్టెలలో సామాన్యులు ప్రయాణించే మార్గాలు ముందు వరుసలో ఉండాలి. టికెట్టు ధర తక్కువైనంత మాత్రాన ప్రాణం ధర తక్కువ కాదు.

ఇంకొక ఆక్షేపణ కూడా ఉన్నది. అనుమానం వచ్చినప్పుడల్లా యంత్రం ఆగిపోతే పని సాగేదెట్లా అని అడుగుతారు. ఈ మాటలో కొంత సత్యం లేకపోలేదు. “నాన్నా పులి” కథ మీ అందరికీ తెలిసినదే. ఊరక కేకలు వేసే పిల్లవాని మాట చివరకు ఎవరూ వినరు. చీటికిమాటికి చెడిపోయి ఎర్రగా నిలిచే సిగ్నల్, కారణం లేకుండా మోగే హెచ్చరిక గంట, మనిషిని క్రమంగా ఉదాసీనుణ్ణి చేస్తాయి. కాని దానికి మందు హెచ్చరికను లెక్కచేయకపోవడం కాదు. చెడిన పరికరాన్ని వెంటనే బాగుచేయడం. ఎరుపుకున్న గౌరవం నిలవాలంటే, ఎరుపు అనవసరంగా కనిపించకుండా చూసే బాధ్యత నిర్వాహకులది. కనిపించినప్పుడు ఆగే బాధ్యత నడిపేవారిది. ఈ రెండింటిలో ఒకదానిని వదిలి రెండవదానిని మాత్రమే నిందించడం ధర్మం కాదు.

రైలుమార్గం నుండి కర్మాగారానికి వస్తే, మన ఉత్తరాంధ్రకు మరొక చేదు జ్ఞాపకం ఉన్నది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్న ఊరిని కమ్మివేసింది. 12 మంది మరణించారు. రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం అదే ఏడాది జూలైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకు అడుగుభాగంలో తప్ప పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదని, కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మోగించే సదుపాయం ఉన్నా దానిని వినియోగించలేదని ఆ సంఘం తెలిపింది. ట్యాంకు పైభాగం మౌనంగా ఉన్నది. ఆ మౌనాన్ని క్షేమమనుకున్నారు. సైరన్ మౌనంగా ఉన్నది; ఊరు దానిని క్షేమమనుకొని నిద్రపోయింది. కొలత లేని చోట ఎంత గొప్ప సమాచార జాలమైనా మూగదే. కొలత ఉండి, మాట ప్రజలదాకా రాకపోతే ఆ జాలం సగం దారిలో తెగినదే.

ఇక్కడ ఒక భాషాధ్యాపకునిగా నేను చెప్పదలచిన మాట ఒకటి ఉన్నది. ఎంతటి సమాచార జాలానికైనా చివరి గమ్యం మనిషే. సెన్సరునుండి కంట్రోలరుదాకా, కంట్రోలరునుండి తెరదాకా మాట వెయ్యోవంతు క్షణంలో వచ్చి ఉండవచ్చు. ఆ తెరమీది హెచ్చరిక, దానిముందు నిలిచిన కార్మికునికి రాని భాషలో ఉంటే ఆ వేగం ఎవరికి ఉపయోగం? సందేశం తెరకు చేరింది గాని, చేరవలసిన మనసుకు చేరలేదు. కర్మాగారంలో రాత్రి పనిచేసే మన పల్లె యువకునికి, దాని గోడపక్కన నివసించే వృద్ధురాలికి ప్రమాద సూచనలు తెలుగులో అందాలి. దీనిని ఎవరూ భాషాభిమానమని కొట్టివేయరాదు. ఇది రక్షణకు సంబంధించిన విషయం. వాల్వుమీది పలక, తెరమీది అక్షరం, మైకులో వినిపించే మాట, అన్నీ చదివేవానికి, వినేవానికి తక్షణం అర్థం కావాలి. నిఘంటువు వెదికే వ్యవధి అపాయం ఎవరికీ ఇవ్వదు.

విద్యార్థులారా! మీలో కొందరు గణితం, భౌతికశాస్త్రం చదువుతున్నారు. కొందరు వాణిజ్యం, చరిత్ర చదువుతున్నారు. రేపు మీలో ఒకరు ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు కావచ్చు. 1957లో సికింద్రాబాదులో నెలకొల్పిన రైల్వే సిగ్నల్, టెలికం శిక్షణసంస్థ ఇరిసెట్‌లో శిక్షణ పొంది, ఈ మార్గంలోనే సిగ్నళ్లను చూసే ఉద్యోగి కావచ్చు. మరొకరు ఖర్చుల లెక్కలు చూసి, ఏ పనికి ముందు నిధులివ్వాలో నిర్ణయించే అధికారి కావచ్చు. మిగిలినవారు ఆ బండ్లలో ప్రయాణించే పౌరులు అవుతారు. ఎవరికైనా ఈ ప్రశ్న వేసే అధికారం ఉన్నది: అపాయం లేదన్న సాక్ష్యం ఏది? అధికారి తన కిందివారిని అడగాలి. పౌరుడు అధికారిని అడగాలి. బదులు రాకపోతే అంతా సవ్యంగా ఉన్నదని సరిపెట్టుకోకండి. ట్రాక్ సర్క్యూట్ ఆగిపోయినప్పుడు సిగ్నల్ ఏమి చేస్తుందో తెలుసుకున్నారు కదా! మీరూ అదే చేయండి.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థి ఇంటర్మీడియట్ ముగించి వెళ్లిపోయాడు. అతనికి నేను ఆలస్యంగానైనా చెప్పదలచిన బదులు ఇది: “వెనుక బండికి సిగ్నల్ చెప్పింది నాయనా. ఆ మాట వినబడనప్పుడు కూడా బండిని ఆపగల ఏర్పాటును మనం అప్పటికి అక్కడ చేయలేదు. చేయగల విద్య మన దగ్గర ఉన్నది. చేయించుకోవలసిన బాధ్యత ఇక మనది.”